వాషింగ్టను ప్రశస్తివాక్యము: కర్తృత్వ పాఠవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రముల స్థాపకులలో ముఖ్యుఁడును, ఆ రాష్ట్రములకు మొదటి యధ్యక్షుఁడును నగు జార్జి వాషింగ్టనును గూర్చిన ప్రశంసలలో నొక్క వాక్యము లోకమున మిక్కిలి వ్యాపించినది. ఆతఁడు యుద్ధమందుఁ బ్రథముఁడు, శాంతియందుఁ బ్రథముఁడు, స్వదేశీయుల హృదయములందుఁ బ్రథముఁడు అని దాని తాత్పర్యము. అమెరికాచరిత్రము నించుక చదివిన విద్యార్థికిని ఇది పరిచితమే. కాని యీ వాక్యమును మొదట నెవ్వఁడు కూర్చెను? ఏ రూపమునఁ గూర్చెను? అని యడిగినచో సమాధానము లొక్కతీరున నుండవు. కొందఱు హెన్రీ లీ యందురు. కొందఱు జాన్ మార్షలు అందురు. కొన్ని గ్రంథములందు 'సహపౌరుల హృదయములందు' అనియు, కొన్నిటియందు 'స్వదేశీయుల హృదయములందు' అనియుఁ బాఠము గానవచ్చును.

ఇట్టి వివాదములు మనకుఁ గ్రొత్తవి కావు. ఆముక్తమాల్యద కృష్ణరాయలదా, పెద్దనదా యనియు, క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యనియు మన పండితులు చిరకాలము వాదించిరి. ఆ వివాదములను దీర్పఁగల సాక్ష్యము పెక్కుచోట్ల కాలగర్భమునఁ గలసిపోయినది. కర్త చేతివ్రాఁత లేదు. సమకాలికుని మాట లేదు. తాళపత్రములు కర్తకు నూఱులకొలది యేండ్లు తరువాతివి. వాషింగ్టను వాక్యవిషయమున నట్లు కాదు. కాలము స్వల్పము, తేదీలు నిశ్చితములు, సమకాలికసాక్ష్యము గ్రంథస్థము. సాక్ష్యము సమృద్ధముగా నున్నచోట మన విమర్శసూత్రములను బరీక్షించి చూచుకొనినచో, సాక్ష్యము కొఱవడినచోట వానిని నిలుకడతో వాడుకొనవచ్చును. ఈ ప్రయోజనమునకై యా వాక్యము నిచట విచారించుచున్నాను.

సందర్భము

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన జన్మించెను. 1775లో సేనలకు సర్వాధిపతియై, యుద్ధము ముగిసినపిదప 1783 డిసెంబరు 23వ తేదీన అన్నాపొలిసు నగరమునఁ గాంగ్రెసుసభ యెదుట నా యధికారమును విడిచెను. 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగరచనకై కూడిన సభకు నధ్యక్షత వహించెను. 1789 మొదలు 1797 వఱకు దేశాధ్యక్షుఁడుగా నుండెను. రెండుమాఱులును ఆతని యెన్నిక యేకగ్రీవము. పిమ్మట స్వగ్రామవాసమునకు మరలి, 1799 డిసెంబరు 14వ తేది రాత్రి వర్జీనియాలోని మౌంటు వెర్నను అను తన గృహమున మరణించెను. అప్పటి కాతనికి 67 ఏండ్లు.

నాఁడు రాజధాని ఫిలడెల్ఫియా. మరణవార్త డిసెంబరు 18వ తేదీన నచటికిఁ జేరెను. ప్రతినిధిసభలో వర్జీనియా సభ్యుఁడగు జాన్ మార్షలు ఆ వార్తను సభకుఁ దెలుపఁగా సభ వెంటనే విరమించెను. మఱునాఁడు, అనఁగా 19వ తేదీన, మార్షలు లేచి యుపన్యసించి కొన్ని తీర్మానములను సభముందుంచెను. అధ్యక్షుఁడగు జాన్ ఆడమ్సును దర్శించి సంతాపము దెలుపవలెననియు, సభాపతి పీఠమునకు నల్లనివస్త్రము గప్పవలెననియు, సభ్యులు సమావేశాంతము వఱకు శోకచిహ్నములు దాల్పవలెననియు వానిలోఁ గలదు. చివరి తీర్మానము, గతించిన మహాపురుషుని స్మృతికిఁ జేయఁదగిన గౌరవమును నిర్ణయించుటకు ఉభయసభల సంఘమొకటి యేర్పడవలెనని కోరునది. ఆ తీర్మానమున నా పురుషుని పేర్కొను పట్టుననే మన విచారణకు విషయమైన వాక్యము గలదు.

ఉభయసభలును ఆ గౌరవవిధానమును నిర్ణయించెను. శవవాహన మూరేగింపుగా జర్మను లూథరను దేవాలయమునకుఁ బోవలెననియు, అచటఁ గాంగ్రెసు సభ్యుఁ డొక్కరుఁడు ప్రశస్త్యుపన్యాసము చేయవలెననియు నేర్పాటయ్యెను. దేహము మౌంటు వెర్ననునందు 18వ తేదీననే సమాధిచేయఁబడియుండుటచే ఫిలడెల్ఫియాలో నడచిన యా వాహనము శూన్యము. ఉపన్యాసభారము వర్జీనియా సభ్యుఁడగు హెన్రీ లీకి నొప్పగింపఁబడెను. ఆతఁడు డిసెంబరు 26వ తేదీన నుపన్యసించెను. ఆ యుపన్యాసమున నీ వాక్యము మరల వినఁబడెను. అది 1800లో నచ్చుపడి దేశమంతట వ్యాపించెను.

అనఁగా నొక్క వాక్యమును ఫిలడెల్ఫియా నగరము వారముదినముల వ్యవధిలో రెండుమాఱులు వినెను: మొదట మార్షలు నోట, పిమ్మట లీ నోట. వివాదమునకు బీజ మిదియే.

కర్తృత్వము

పూర్వపక్ష మిట్లుండును. ముందు పలికినవాఁడే కర్త. మార్షలు 19వ తేదీన పలికెను. లీ 26వ తేదీన పలికెను. కావున మార్షలు కర్త, లీ గ్రహీత. పైఁగా మార్షలు సామాన్యుఁడు కాఁడు. 1801 మొదలు 1835 వఱకు సంయుక్తరాష్ట్రముల ప్రధానన్యాయమూర్తిగా నుండి యా దేశపు ధర్మశాస్త్రమునకు స్వరూపము నేర్పఱచినవాఁడు. అట్టివాని కీ వాక్యమును గూర్చుట యసాధ్యమా?

ఈ వాదమునందుఁ బలుకుటయుఁ గూర్చుటయు నొక్కటే యను నూహ యిమిడియున్నది. పురాణము చదివెడివాఁడు పురాణకర్త కాఁడు. కావున మార్షలు చదివిన తీర్మానములను వ్రాసినవా రెవ్వరను ప్రశ్న వేఱుగా మిగిలియే యున్నది. ఈ ప్రశ్నకు మార్షలే సమాధానము చెప్పియున్నాఁడు. ఆతఁడు 1804 మొదలు 1807 వఱకు వాషింగ్టను చరిత్రము నయిదు సంపుటములుగాఁ బ్రకటించెను. అందలి యైదవ సంపుటమున నొక యధోజ్ఞాపికయందు, ఆ తీర్మానములను సిద్ధపఱచినవాఁడు లీ యనియు, మరణవార్త వచ్చినప్పు డాతఁడు సభలో లేకపోవుటచే వానిని బ్రతిపాదించిన సభ్యునిచేతికిచ్చెననియు స్పష్టపఱచెను. ఆ ప్రతిపాదించిన సభ్యుఁడు మార్షలే.

ఈ సాక్ష్యబలమును మూఁడుకారణములచేత నెన్నవలెను. ఒకటి: చెప్పినవాఁడు ప్రత్యక్షద్రష్ట, ఆ కాగితమును జేతఁబట్టినవాఁడు. రెండు: ఆ మాట యాతని స్వప్రయోజనమునకు విరుద్ధము. మౌనము వహించినచోఁ గీర్తి తనకే దక్కును. అట్టిచో నోరువిప్పి యది పరునిదని చెప్పినవాని మాట నమ్మక యింకెవ్వని మాట నమ్మవలెను? మూఁడు: ఆ సంపుటము వెలువడునాఁటికి లీ జీవించియుండెను. ఆతఁడు మరణించినది 1818లో. చెప్పినది తప్పైనచోఁ దెలిసినవా రెందఱో యుండిరి. ఈ మూఁడును గూడిన సాక్ష్యము మన సాహిత్యవివాదములలో నొక్కదానికి దొరికినను ఎన్నియో పుటల వాదము తప్పియుండెడిది.

ఇట్లుండఁగా వాక్యమును మార్షలున కంటఁగట్టుట యేల జరిగెను? లోకస్వభావ మట్టిది. ఘనుని నోట వినఁబడిన మాట ఘనునిదే యని లోకము తలఁచును. లీ యౌవనమున నశ్వసేనానాయకుఁడై పేరొందెను. 1791 మొదలు 1794 వఱకు వర్జీనియాకు గవర్నరుగా నుండెను. కాని భూములక్రయవిక్రయములలో నష్టపడి యప్పులపాలయ్యెను. 1809, 1810 సంవత్సరములలో ఋణస్థుల చెఱసాలలో నుండి తన యుద్ధస్మృతులను వ్రాసెను. అవి 1812లో వెలువడెను. తుదకు జార్జియా తీరమున నొక దీవిలో, యుద్ధమందుఁ దన సేనాపతియైన నథానియేలు గ్రీను కుటుంబమువారి యింటఁ, బ్రాణములు విడిచెను. ఒకఁడు ముప్పదినాలుగేండ్లు న్యాయపీఠమున వెలిఁగెను. మఱియొకఁడు చెఱసాలఁ జూచెను. ధనము గోలుపోయినవానికి మిగిలిన యొక్క వాక్యమునుగూడఁ దీసి ధన్యునకిచ్చుట న్యాయము గాదు. ఆ పని మార్షలు చేయలేదు, మనము చేయనేల?

పాఠభేదము

కర్తృత్వము నిర్ణయమైనను బాఠభేదము మిగిలియున్నది. మార్షలు తన గ్రంథమున నిచ్చిన తీర్మానపాఠమున 'ఫెలో సిటిజన్స్' అని కలదు. దానికి 'సహపౌరులు' అని యర్థము. లీ యుపన్యాసపు ముద్రితపాఠమున 'కంట్రీమెన్' అని కలదు. దానికి 'స్వదేశీయులు' అని యర్థము. మొదటి పాదములలో భేదము లేదు, తుదిమాటయందే భేదము.

ఇచట సామాన్యముగా విమర్శకులు చేయు పని యొకటి గలదు. రెండు పాఠములు గనఁబడఁగానే యొకటి సాధువు, రెండవది లేఖకప్రమాదము అని తీర్పు చెప్పుదురు. ప్రకృతమున నా న్యాయము చెల్లదు. మొదటి పాఠమును దీర్మానమును జదివిన మార్షలే గ్రంథస్థము చేసెను. రెండవ పాఠము లీ జీవితకాలముననే యాతని పేర నచ్చుపడి ప్రచారమందెను. రెండింటికిని బలమైన యాధార మున్నది. కావున వీనిలో నొకటి యపపాఠము కాదు. రెండును గర్తృకృతములే. ఒక్క కర్త యొక్క వాక్యమును వారముదినములలో రెండుసందర్భములకు రెండువిధములఁ గూర్చెను. ఇదియే నా సిద్ధాంతము.

దీనికి నొక యుపోద్బలకము గలదు. 1869లో లీ యుద్ధస్మృతుల క్రొత్తకూర్పు వెలువడినప్పుడు, ఆతని కుమారుఁడగు రాబర్టు ఎడ్వర్డు లీ తండ్రిచరిత్రమును దానికి ముందు చేర్చెను. అందొకచోట 'సహపౌర' పాఠమును, వేఱొకచోట 'స్వదేశీయ' పాఠమును గానవచ్చును. కుమారుని గ్రంథముననే రెండు పాఠములును నిలిచియుండఁగా, ఒకదానిని వెలివేయుటకు మన కధికార మెక్కడిది?

మన తాళపత్రప్రతులను బరిష్కరించువారు దీనిని స్మరింపఁదగును. ఒక పద్యమునకు రెండు పాఠములు కనఁబడి, రెండును ఛందస్సునకును నర్థమునకును బొసఁగినచో, రెండింటిలో నొకటి లేఖకునిదే యని తొందరపడి తీర్పరాదు. కవి తన గ్రంథమును దానే సవరించుకొని యుండవచ్చును. ఆ సంభవమునకుఁ దావు విడిచి, రెండవపాఠమును బుట యడుగున నైన నిలుపవలెను. వాషింగ్టను వాక్యవిషయమునఁ దేదీలు తెలియుటచే నా సంభవము ప్రత్యక్షమైనది. తేదీలు తెలియనిచోటఁ బరోక్షముగా నుండును. అంతమాత్రమున లేదని చెప్పఁగూడదు.

ఔచిత్యము

కర్త తన మాటను దానే యేల మార్చెను? క్షేమేంద్రుఁడు చెప్పిన యౌచిత్యదృష్టితోఁ జూచినచో నుత్తరము దొరకును. తీర్మానము శాసనసభకుఁ జెందినది. దానిని వినువారు ప్రతినిధులు. వారికిని బ్రజలకును గల సంబంధము రాజ్యాంగసంబంధము. అచటఁ 'బౌర' శబ్దము సముచితము. 'సహ' యనుట యింకను సముచితము. వాషింగ్టను పదవిని విడిచి సామాన్యపౌరుఁడై బ్రతికినవాఁడు. ఆతఁడును బౌరుఁడే, తక్కినవారును బౌరులే. రాజును బ్రజల హృదయములం దుంచుట వేఱు. పౌరుని బౌరుల హృదయములం దుంచుట వేఱు. రాజులేని రాజ్యమునకు రెండవదియే తగును.

దేవాలయమునఁ జేసిన యుపన్యాస మట్టిది కాదు. అది శోకసభ. వినువారికి దివంగతునితోడి సంబంధము శాసనముచే నేర్పడినది కాదు. ఒక్క నేలపైఁ బుట్టి పెరిగినదానిచే నేర్పడినది. అచటఁ 'బౌర' శబ్దము పొడిగా నుండును. 'దేశీయ' శబ్దము తడిగా నుండును.

శబ్దసౌష్ఠవమునుగూడ గమనింపవలెను. 'ఫెలో సిటిజన్స్' అను మాట యాంగ్లోచ్చారణమున నైదక్షరములు. 'కంట్రీమెన్' అనునది మూఁడక్షరములే. తుదిమాట కుఱుచయగుటచే వాక్యము చప్పున ముగియును. మఱియు వాక్యారంభమున నా మహాపురుషుని సేనానియని గాని, యధ్యక్షుఁడని గాని చెప్పక 'మ్యాన్', అనఁగా మనుష్యుఁడు, అనియే చెప్పెను. తుదియం 'దలి కంట్రీమెన్' అను సమాసమున నా శబ్దమే బహువచనమై మరల వినఁబడును. ఒక మనుష్యునితో నారంభమైన వాక్యము మనుష్యులతో ముగియును. మొదటి పాఠమున నీ గుణము లేదు. కావున రెండును గర్తృకృతములే యైనను రెండవది పరిణతపాఠము. లోకము దానినే కంఠస్థము చేసికొనుట యాదృచ్ఛికము కాదు.

విభక్త్యర్థము

ఇంక వాక్యశక్తి యెందున్నదని విచారింతము. మూఁడుచోట్లను నొక్క విశేషణము, ఒక్క సప్తమి. ఆంగ్లమున సప్తమ్యర్థమునకు వాడు నుపపద మొక్కటే మూఁడుమాఱులును వచ్చినది. పైకిఁ జూచిన మూఁడును సమానములవలె నుండును. కాని యధికరణము మూఁడు విధములని వైయాకరణులు చెప్పుదురు. చాపపైఁ గూర్చుండుట యౌపశ్లేషికము. మోక్షమందుఁ గోరిక యుండుట వైషయికము. నువ్వులయందు నూనె యుండుట యభివ్యాపకము. యుద్ధమందుఁ బ్రథముఁ డనఁగా యుద్ధవిషయమునఁ బ్రథముఁడు. శాంతియందుఁ బ్రథముఁ డనఁగా శాంతివిషయమునఁ బ్రథముఁడు. ఈ రెండును వైషయికాధారములు. హృదయములందుఁ బ్రథముఁ డనఁగా హృదయవిషయమునఁ బ్రథముఁ డనరాదు. హృదయ మచట స్థానము. ఆతఁ డందు వసించియున్నాఁడు. నువ్వులయందలి నూనెవలెఁ బ్రేమరూపమున నంతట వ్యాపించియున్నాఁడు. కావున నిది యభివ్యాపకము.

ఈ మూఁడును నిర్ధారణసప్తములే, యోధులలో శ్రేష్ఠుఁడు, శాంతిపరులలో శ్రేష్ఠుఁ డని యర్థము చెప్పరాదా? యని యెవ్వరైన నడుగవచ్చును. చెప్పరాదు. నిర్ధారణమున సముదాయమునుండి యొకనిని వేఱుచేయవలెను. యుద్ధము సముదాయము కాదు. యుద్ధశబ్దమునకు యోధులందు లక్షణ చెప్పవలసివచ్చును. ముఖ్యార్థమునకు బాధ లేనిచో లక్షణ యేల?

అనఁగా నొక్క విభక్తియే మూఁడవచోట నర్థము మార్చుకొన్నది. మొదటి రెండింటఁ జెప్పఁబడినది యాతఁడు చేసిన పని. మూఁడవదానఁ జెప్పఁబడినది యాతఁడు పొందిన చోటు. మొదటి రెండును ఆతని వశమున నున్నవి. మూఁడవది ప్రజల వశమున నున్నది. యుద్ధమును జయింపవచ్చును, రాజ్యమును నడపవచ్చును. హృదయమందుఁ జోటు నెవ్వఁడును బలిమిఁ దీసికొనలేఁడు. శ్రోతకు వ్యాకరణము తెలియకపోయినను ఈ భేదము హృదయమునకుఁ దగులును.

'ప్రథమ' శబ్దమునకును రెండర్థములు గలవు: కాలమున మొదటివాఁడు, శ్రేష్ఠతయందు మొదటివాఁడు. యుద్ధమున నాతఁడు మొదటి సర్వసేనాని. శాంతియందు మొదటి యధ్యక్షుఁడు. ఇచటఁ గాలప్రాథమ్యమును శ్రేష్ఠతయు రెండును బొసఁగును. హృదయములందు శ్రేష్ఠతయే ప్రధానము.

అలంకారము

అప్పయదీక్షితులు కువలయానందమునఁ జెప్పిన యావృత్తిదీపకమున పదావృత్తి, అర్థావృత్తి, ఉభయావృత్తి యని మూఁడు భేదములు గలవు. ప్రకృతవాక్యము మొదటి రెండుపాదములం దుభయావృత్తి. మూఁడవపాదమునఁ బైఁజెప్పిన యర్థభేదముచేఁ బదావృత్తివైపు మొగ్గును. ఉత్తరోత్తరోత్కర్షచే సారాలంకారమును గలదు. యుద్ధముకంటె శాంతి యెక్కుడు. శాంతికంటెఁ బ్రజాహృదయ మెక్కుడు. క్రమము మార్చి చదివినచో వాక్యము కూలిపోవును.

ఉపన్యాసమున వాక్య మిచటితో నాగలేదు. ఆడంబరములేని గృహజీవితమునఁగూడ నాతఁ డెవ్వరికిని రెండవవాఁడు కాఁడను నర్థము వెంటనే వచ్చుచున్నది. మూఁడుమాఱులు 'ప్రథమ' యని పలికి, నాలుగవమాఱు దానిని విడిచి, 'ద్వితీయ' శబ్దమును నిషేధముతోఁ జెప్పుటలో నౌచిత్య మున్నది. ఇంటిలోఁ బ్రథమస్థానమునకై పోటీ యుండదు. తీర్మానమునకు నింటిలోనికిఁ బోవుట యక్కఱలేదు, ఉపన్యాసమునకుఁ గలదు. పౌరసంబంధమునుండి యొక్కసారిగా గృహమునకుఁ బోవుట దూరము. జన్మభూమిసంబంధమునుండి గృహమునకుఁ బోవుట దగ్గఱ. పాఠమును మార్చుట కిదియు నొక కారణమని నే నూహించుచున్నాను. సంఖ్యాక్రీడ నింత నేర్పుతో విస్తరించినవాఁడే దాని మొదటి కర్త యనుటకు నిది యంతస్సాక్ష్యము.

నాఁ డా దేశమున వాషింగ్టనును గూర్చి యుపన్యసించినవారు వందలకొలఁది. 1799 డిసెంబరు 31వ తేదీన న్యూయార్కులో గవర్నియరు మారిసును, 1800 ఫిబ్రవరిలో బోస్టనునందు ఫిషరు ఏమ్సును మాటాడిరి, ఇరువురును వాగ్మిశ్రేష్ఠులు. వారి యుపన్యాసములను నేఁడు చరిత్రకారులే చదువుదురు. లీ వాక్యము వీథులలోఁ గూడ నిలిచినది. ఇరువదవ శతాబ్దారంభమున వాషింగ్టను నగరపు బంతియాటజట్టు తఱచుగా నోడిపోవుచుండఁగా, నా నగరము యుద్ధమందును శాంతియందును మొదటిది, ఆటల పట్టికలో మాత్రము చివరిది యని యొక హాస్యము ప్రబలెను. వికటానుకరణమునకు నోర్చినది గాని వాక్యము లోకోక్తి కాదు.

శబ్దవ్యాప్తి

ఇంతవఱకు గుణములను జెప్పితిని. విమర్శకుఁడు వ్యాప్తిదోషమునుగూడఁ బరిశీలింపవలెను. 'సహపౌరులు' అనఁగా నెవ్వరు? 'స్వదేశీయులు' అనఁగా నెవ్వరు? 1800లోని జనగణనము ప్రకారము సంయుక్తరాష్ట్రముల జనసంఖ్య 53,08,483. వారిలో 8,93,602 మంది బానిసలు. ఆఱుగురిలో నించుమించు నొక్కరు. వారికిఁ బౌరత్వము లేదు. కావున 'సహపౌర' పాఠమున వారికిఁ దావు లేదు; ఆ శబ్దార్థమే వారిని వెలిపెట్టును. 'స్వదేశీయ' పాఠమునఁ దావు గలదు. ఆ నేలపైఁ బుట్టినవాఁడు దేశీయుఁడే కదా. లీ యా యుద్దేశముతో మార్చెనని నే ననను. శబ్దశక్తి కర్త తాత్పర్యముకంటె విశాలము గావచ్చు ననుచున్నాను.

ఇది కేవల తర్కము కాదు. లీ యుపన్యసించిన మూఁడవనాఁడు, అనఁగా డిసెంబరు 29వ తేదీన, అదే ఫిలడెల్ఫియా నగరమున బెతేలు దేవాలయమందు రిచర్డు ఆలెను వాషింగ్టనును గూర్చి ప్రసంగించెను. ఆలెను బానిసగాఁ బుట్టి స్వతంత్రుఁడైన మతాచార్యుఁడు, శ్రోతలు నల్లజాతివారు. వాషింగ్టను తనకుఁ జెందిన బానిసలకు విడుదల నేర్పఱచుచు మరణశాసనము వ్రాసెను. ఆలెను ముఖ్యముగాఁ గొనియాడినది దీనినే. యుద్ధమును గాదు, శాంతిని గాదు, ఆ విడుదలను. కావున నా ప్రజల హృదయములందు వాషింగ్టనునకుఁ జోటు దొరికినచో, అది యా విడుదల మూలముననే గాని, తీర్మానమునఁ జెప్పిన కారణములచేతఁ గాదు. హృదయమందలి చోటు ప్రజల వశమున నున్నదని విభక్త్యర్థవిచారమునఁ జెప్పిన మాటకు నిది యుదాహరణము. ప్రశస్తివాక్యము దానిని జాటఁగలదు, ఈయఁజాలదు.

అనువాదము

పాఠశాలలలో నీ వాక్యమును దెలిఁగించి చెప్పు పండితులకొఱ కొక్క మాట. 'అగ్రగణ్యుఁడు' అనినచో శ్రేష్ఠత మాత్రమే వచ్చును, కాలప్రాథమ్యము పోవును. 'మొదటివాఁడు' అనినచో వరుస ముందు తోఁచును, శ్రేష్ఠత వెనుకఁబడును. 'ప్రథముఁడు' అను శబ్ద మొక్కటియే రెండింటిని మోయును. విభక్తివిషయమున మన భాష యదృష్టవంతురాలు: మన 'అందు' వైషయికమునకును, అభివ్యాపకమునకును నొక్కటే. దానిని మూఁడుచోట్లను విడువక నిలుపవలెను. 'యుద్ధమున వీరుఁడు, శాంతిని ధీరుఁడు, ప్రజలకుఁ బ్రియుఁడు' అని వైవిధ్యముకొఱకు మాటలు మార్చినచో నలంకారము చెడును, విభక్తిచమత్కారమును బోవును. పునరుక్తి యన్నిచోట్లను దోషము కాదు.

ఉపసంహారము

వాక్యకర్త హెన్రీ లీ. దానిని సభలో మొదట వినిపించినవాఁడు జాన్ మార్షలు. 'సహపౌర' పాఠము తీర్మానమునకును, 'స్వదేశీయ' పాఠ ముపన్యాసమునకును జెందినవి, రెండును గర్తృకృతములే, రెండవది పరిణతము. ఉదాహరించువారు ఏ పాఠము నుదాహరించుచున్నారో యా తేదీని జేర్చినచో వివాదమునకుఁ దావుండదు.

ఆ వాక్యమును విన్న కాంగ్రెసే రాజధానిలో వాషింగ్టనుకొఱకుఁ జలువఱాతి స్మారకమును నిర్మించి, దేహమును దాని క్రింద నుంచవలెనని నిశ్చయించెను. దేహము మౌంటు వెర్ననును విడువలేదు. నేఁడు వాషింగ్టను నగరమునఁ గానవచ్చు స్మారకస్తంభమునకుఁ బునాది పడినది 1848లో; పని ముగిసినది 1884లో. ఱాతికి నెనుబదియైదేండ్లు పట్టినది. మాట వారముదినములలో నిలిచినది. అట్టి మాటను గూర్చినవాని పేరు దానితో నిలుచునట్లు చూచుట పండితధర్మము. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.